నీళ్లు ఆస్పత్రివి, స్పేర్లు కంపెనీవి, కోత మాత్రం మాకా?

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో డయాలసిస్ మిషన్లు బాగుచేసే సర్వీస్ ఇంజినీర్లం నమస్కరించి రాసుకునేది. ఇంతకుముందు ఇచ్చిన వినతిపత్రాల మీద రసీదు ముద్రలు చక్కగా పడ్డాయి. అంతవరకు సంతోషం.

మెయింటెనెన్స్ ఒప్పందాల సంగతి మీకు తెలియంది కాదు. మిషన్ ఆగిన గంటలకు కంపెనీకి రావాల్సిన డబ్బులో కోత పడుతుంది. కంపెనీ దాన్ని మా ఇన్సెంటివ్‌లోంచి రాబట్టుకుంటుంది. పేరుకు పెద్ద కంపెనీ, మాలో చాలామందికి జీతమిచ్చేది మధ్యలో ఉన్న ఏజెన్సీ. అది మా ఖర్మ అనుకుందాం. అసలు ఆగింది మిషనేనా అని మాత్రం ఎవరూ అడగరేం?

నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల డయాలసిస్‌కు రక్తాన్ని శుభ్రం చేసే ద్రావణం 120 లీటర్లు కావాలి. అందులో దాదాపు అంతా ఆర్వో నీళ్లే. ప్లాంటులో వృథాగా పోయేది కూడా కలుపుకుంటే ఇంకా చాలా నీళ్లు రావాలి. వచ్చేవి ఒకరోజు భగీరథ పథకం నల్లావి, ఒకరోజు బోరువి. భగీరథ నీళ్లలో క్లోరిన్‌ను కార్బన్ ట్యాంకు పట్టాలి. లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటితే రోగి రక్తంలో ఎర్రకణాలు పగిలే ప్రమాదం. బోరు నీళ్లలో సున్నాన్ని సాఫ్ట్‌నర్ పట్టాలి, దానికేమో ఉప్పు పోసి రీజనరేట్ చేయాలి, అంటే మళ్లీ సున్నం పట్టేలా చేయాలి. ఆ ఉప్పు డయాలసిస్ సెంటర్ నడిపేవాళ్లు కొనాలని ఆస్పత్రి అంటుంది, ఆస్పత్రే కొనాలని సెంటర్ అంటుంది. ఈలోగా ఆర్వోలో నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మీద సున్నం పేరుకుంటుంది, నీటి ప్రెషర్ పడిపోతుంది, మిషన్ అలారం కొట్టి ఆగుతుంది. నీళ్లు చాలకపోతే ఆగడమే దాని పని. రిజిస్టర్‌లో మాత్రం 'మిషన్ డౌన్'.

ద్రావణంలోని బైకార్బొనేట్ వల్ల మిషన్ లైన్లలో పేరుకునే సున్నం కరగాలంటే సిట్రిక్ యాసిడ్ రిన్స్ వేయాలి. మూడు షిఫ్టులు నడిచే చోట టెక్నీషియన్‌కు ఆ టైమెక్కడిది? వాల్వులు పట్టేస్తాయి, ద్రావణంలో లవణాలెన్నో చెప్పే కండక్టివిటీ 14 దగ్గర నిలవదు, ఒంట్లోంచి నీరు తీసే యూఎఫ్ లెక్క తప్పుతుంది. అంటే రోగి ఒంట్లోంచి తీయాల్సిన దానికన్నా ఎక్కువ నీరు లాగేయొచ్చు. అప్పుడు బీపీ పడిపోతుంది, అందరూ మా వైపు చూస్తారు.

కరెంటు గురించి ఎంత చెప్పినా తక్కువే. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 2 వోల్టులు దాటకూడదంటాం. ఎండాకాలంలో ఎర్త్ పిట్‌లో బిందెడు నీళ్లు పోసే దిక్కుండదు. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయినా వాటితోనే నెట్టుకొస్తారు. కరెంటు పోయి, మిషన్‌లో బ్యాటరీ కూడా చచ్చి ఉంటే సిస్టర్లు బ్లడ్ పంపును చేత్తో తిప్పాల్సిందే.

నిజంగానే పార్ట్ పోయిందనుకోండి. ఎర్రర్ కోడ్, ఫొటో, అప్రూవల్ అయ్యాక గానీ హైదరాబాద్ స్టోర్‌లో బాక్సు కదలదు. పాత బోర్డు ముందు వాపసు రావాలంటారు. ఆదిలాబాద్‌కు 300 కిలోమీటర్లు, వచ్చేది ఆర్టీసీ కార్గోలో. మేడారం జాతరకు బస్సులన్నీ మళ్లితే ఇక చెప్పనక్కర్లేదు. గంటల లెక్క మాత్రం నడుస్తూనే ఉంటుంది. మిషన్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్, యూఎఫ్ పంపు, కండక్టివిటీ సెల్, బ్లడ్ లీక్ సెన్సర్ రెండేసి వరంగల్‌లో పెడితే ఒక్క బీరువా చాలు. ఒప్పందంలో ఆ బీరువా ఎందుకు రాయించరు? సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కు గురించి సభల్లో గొప్పగా వింటుంటాం. ఆ పరికరాలు ఉట్నూరులోనో ఏటూరునాగారంలోనో ఆగితే ఎవరు పోవాలో కూడా చెబితే బాగుండు.

మంత్రిగారూ, కాల్ క్లోజ్ చేసే సర్వీస్ రిపోర్టులో క్లోరిన్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు), న్యూట్రల్-ఎర్త్ వోల్టేజీ రాసి సూపరింటెండెంట్ సంతకం పెట్టాలని ఉత్తర్వు ఇవ్వండి. నీళ్లదో కరెంటుదో తప్పయితే ఆ గంటలు మా మీద రాయొద్దు. స్పేర్లు దగ్గర్లో పెట్టించండి, పెట్టించండి అని మళ్లీ మళ్లీ అడుగుతున్నాం. ఇవన్నీ పెద్ద పనులనిపిస్తే, కనీసం ఆ ఉప్పు బస్తా ఎవరు కొనాలో ఒక కాగితం మీద రాసి పంపించండి.

ఇట్లు,
ఉత్తర తెలంగాణ డయాలసిస్ మిషన్ల సర్వీస్ ఇంజినీర్లు