కిసేల్‌ను జెల్లీ అనకండి

సంపాదక మహాశయులకు నమస్కారం.

మీ ఆదివారం వంటల పేజీలో రష్యన్ వంటకం కిసేల్‌ను ‘పళ్ళ జెల్లీ’ అని రాశారు. అది చదివి మనసు చివుక్కుమంది. కోరాపుట్ జిల్లా సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్లు తయారుచేసే రోజుల్లో మా నాన్నగారికి అక్కడే ఉద్యోగం. రష్యా ఇంజనీర్ల కుటుంబాలు కాలనీలో ఉండేవి. కిసేల్ కోసం పక్కింటి రష్యన్ ఆంటీ నేరేడుపళ్ళు ఉడికించి, రసం వడకట్టి, పంచదార వేసి, చల్లటి నీళ్ళలో కలిపిన బంగాళదుంప స్టార్చ్‌ను సన్నటి ధారగా పోస్తూ కలిపేది. ఒక్క పొంగు రాగానే దించాలి. స్టార్చ్ తక్కువైతే గ్లాసులో తాగొచ్చు, ఎక్కువైతే చెంచాతో తినాలి. జెల్లీని గట్టిపరిచే జెలటిన్ ఊసే లేదు.

పేరులోనే అసలు సంగతి ఉంది. రష్యన్‌లో ‘కీస్లి’ అంటే పుల్లని. మన పులుపు నుంచి పులుసు వచ్చినట్టే! మొదట్లో అది పళ్ళది కాదు, పులియబెట్టిన ఓట్స్ జావ. ఇక్కడ మనం తాగే రాగి అంబలికి దగ్గరి చుట్టం అన్నమాట. బంగాళదుంప రష్యాకు చేరాకే ఈ స్టార్చ్ పద్ధతి వచ్చింది. 997లో పెచెనెగ్‌లు అనే సంచార తెగవాళ్ళు కీవ్ దగ్గరి బెల్గొరొద్ పట్టణాన్ని ముట్టడిస్తే, ఊరివాళ్ళు బావిలో కిసేల్ తొట్టి దించి, నేలే మాకు తిండి పెడుతోందని నమ్మించి వాళ్ళను పంపేశారని పాత రష్యన్ వృత్తాంతం చెబుతుంది.

వచ్చే వారం దయచేసి ‘కిసేల్’ అనే పేరుతోనే సవరణ వేయండి.

– ఒక పాఠకురాలు, సునాబెడ, ఒడిశా