మా సీసాల మీద క్యూఆర్ కోడ్ చచ్చిపోయింది, ఎందుకో నేనే చెప్తా

అందరికీ నమస్కారం అండి. సోమవారం నుంచి మా ఆవకాయ, గోంగూర సీసాలు స్కాన్ చేసినవాళ్ళకి మా పేజీ రావట్లేదు, ఈ కోడ్ ఆగిపోయింది, నడవాలంటే ప్లాన్ కొనండి అని ఏదో ఇంగ్లీషులో వస్తోంది. దయచేసి ఎవరూ ఏమీ కొనొద్దు, కార్డు నంబర్ కొట్టొద్దు. పచ్చడికి ఏమీ కాలేదు, పచ్చడి బంగారంలా ఉంది.

జరిగింది ఏంటంటే, ఏప్రిల్లో లేబుళ్ళు కొత్తగా వేయించాం. ఏ కాయ, ఏ కారం, ఏ రోజు కలిపాం, ఊరాక పప్పు నూనె ఎంత పోసుకోవాలి, మళ్ళీ కావాలంటే వాట్సాప్‌లో ఎట్టా అడగాలి, ఇవన్నీ ఒక పేజీలో పెట్టి దానికి కోడ్ చేయమని డిజైన్ చేసే ఆయనకి అప్పజెప్పా. డబ్బులు మొత్తం ముందే ఇచ్చేశా. ఆయనేమో ఒక సైట్‌లో ఫ్రీ ట్రయల్ మీద, తన మెయిల్‌తో కోడ్ చేసి ఇచ్చాడు. ట్రయల్ అయిపోయింది, కోడ్ ఆగిపోయింది. ఫోన్ చేస్తే "అది మామూలేనండి, సంవత్సరానికింత కట్టుకోవాలి, అందరూ కడతారు" అన్నాడు. నాలుగు వేల లేబుళ్ళు ప్రింట్ అయ్యాక చెప్పే మాటా అది?

నాకు అప్పటిదాకా తెలియదు, ఈ కోడ్‌లు రెండు రకాలట. ఒకదాంట్లో మన పేజీ అడ్రస్సే ఆ నల్ల గడుల్లో ఉంటుంది, మధ్యలో ఎవడూ ఉండడు, దానికి గడువూ ఉండదు. 1994లో జపాన్‌లో డెన్సో వాళ్ళు కారు విడిభాగాల లెక్క కోసం కనిపెట్టిన ఈ కోడ్ వాడుకోడానికి ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. రెండోది డైనమిక్, దాంట్లో ఉండేది ఆ సైట్ వాడి అడ్రస్, వాడు మనల్ని మన పేజీకి పంపిస్తాడు. ప్రింట్ అయ్యాక కూడా పేజీ మార్చుకోవచ్చు, ఎంతమంది స్కాన్ చేశారో లెక్క కనపడుద్ది. నిజం చెప్పాలంటే ఆ లెక్క కావాలని ఎగిరి గంతేసింది నేనే. మే నెలలో 340 స్కాన్లు అని మురిసిపోయా, అందులో సగం నేను చేసినవే.

ఇక కట్టాలా వద్దా అని నాలుగు రాత్రులు నిద్రలేదు. మా ఆవిడ కట్టేయమంది, ఆవకాయ సీసా మళ్ళీ కొత్తావకాయ దాకా ఇంట్లో ఉంటుంది కదా, స్కాన్ చేసిన ప్రతివాళ్ళూ మనల్ని తిట్టుకుంటారు అని. ఆ మాటా నిజమే. కానీ ఖాతా ఆయన పేరు మీద, డబ్బు నాది, రేపు మళ్ళీ ఆయన ఫోన్ ఎత్తకపోతే? మా నాన్న చేత్తో రాసిన చీటీ అంటించి అమ్మాడు ఇన్నేళ్ళు, ఆ చీటీకి ఎవడూ అద్దె అడగలా. కట్టలేదు. మొండితనం అనుకోండి, ఫర్లేదు. ఒక గ్రూపులో ఎవరో "పచ్చళ్ళ మోసం" అని రాశారు, అది మాత్రం ఇంకా గుచ్చుకుంటోంది.

కొత్త కోడ్ అడ్రస్ నేరుగా ఉండే రకం, మా సొంత సైట్‌కే వెళ్తుంది. ఆ సైట్ పేరుకి ఏటా నేను కట్టాల్సింది ఉంది, అది మా పాప కాలెండర్లో ఎర్ర పెన్నుతో రాసింది. మెరూన్ మీద బంగారు రంగు కోడ్ కొన్ని ఫోన్లు చదవట్లేదని మీలో ముగ్గురు చెప్పారు, ఇప్పుడు తెల్ల మీద నలుపే, చుట్టూ ఖాళీ వదిలాం. సీసా పక్కన వంపులో సగం కోడ్ దాక్కుంటోంది కాబట్టి మూత మీదకి మార్చాం, రెండున్నర సెంటీమీటర్లు. హెచ్ అనే లెవెల్‌లో చేయించా, దాదాపు 30 శాతం దాకా పాడైనా చదువుద్దట, మన మూతల మీద నూనె వేలిముద్రలు తెలిసిందేగా.

ఇంకోటి, మూత మీద కోడ్ ఎప్పుడూ డబ్బు అడగదు. డబ్బు కట్టే కోడ్ కొట్లో బల్ల మీద ఉన్నదొక్కటే, పిన్ కొట్టేముందు కొట్టు పేరు వచ్చిందో లేదో చూడండి, ఎవడైనా పైన వేరే స్టిక్కర్ అంటించాడేమో అని రోజూ పొద్దున్నే నేను గోరుతో గీకి చూస్తున్నా.

పాత సీసా ఉన్నవాళ్ళు మూత ఫోటో తీసి, సీసా మీదున్న నంబర్‌కి వాట్సాప్ చేయండి, ఆ బ్యాచ్ వివరాలు పంపిస్తా. హైదరాబాదు, బెంగళూరు పార్సిళ్ళలో కొత్త స్టిక్కర్లు ఉచితంగా వస్తాయి. కొట్టుకి వచ్చేవాళ్ళు సీసా పట్టుకు రండి, నేనే అంటిస్తా, మూత మీద నూనె మాత్రం తుడుచుకుని తీసుకురండి, లేకపోతే అంటుకోదు.