మసాయి మారా సఫారీ: మా ప్రశ్నకు మీ సంస్థ నుంచి జవాబు రాకపోవడంపై ఫిర్యాదు

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మొన్నటి ఆగస్టులో మీ సంస్థ ద్వారా చేసిన కెన్యా యాత్రలో మసాయి మారా అభయారణ్యానికి రెండవ రోజు ప్రవేశ రుసుము చెల్లించకపోవడం, దానిపై మేమిచ్చిన ఫిర్యాదులను పట్టించుకోకపోవడం గురించి.

నమస్కారం.

ఈ లేఖను మీ కస్టమర్ కేర్ విభాగానికి కాకుండా నేరుగా మీ పేరున స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఆ విభాగంలో నా ఫిర్యాదును మొదటి నుంచి చివరిదాకా చదివినవారు ఒక్కరైనా ఉన్నారన్న నమ్మకం నాకు పోయింది.

నేను డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. టాంజానియాలోని సెరెంగెటి మైదానాల నుంచి కెన్యాలోని మసాయి మారాకు ఏటా సాగే వలస గురించి, పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్టులూ (ఆవును పోలిన పెద్ద జింకలు) వాటితోపాటు లక్షల సంఖ్యలో జీబ్రాలూ గెజెల్ జింకలూ వానల వెంట పచ్చిక వెతుక్కుంటూ కదిలే తీరు గురించి, నల్లబల్ల మీద పటం గీసి ఎందరో విద్యార్థులకు చెప్పాను. దాన్ని కళ్లారా చూడాలని, నా భార్యకూ మా బావగారికీ చూపించాలని మీ సంస్థను ఆశ్రయించాను. మీరు మాకు కొత్తవారు కారు. కాశీకి మీతోనే వెళ్లాం, చార్‌ధామ్‌కు మీతోనే వెళ్లాం, సింగపూర్‌కు మా మనవలను మీ భరోసా మీదే తీసుకెళ్లాం. మా వియ్యంకులవారినీ, హనుమకొండలోని నా తోటి అధ్యాపకులనూ మీ కార్యాలయానికి పంపింది నేనే. మీరు అడిగిన ప్రతి కాగితాన్నీ అడిగిన రోజే ఇచ్చాం. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలని మీవారు చెప్పగానే హైదరాబాదు వెళ్లి నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించుకుని, పసుపుపచ్చ కార్డు నకలు మీకు పంపాం. మా వైపు నుంచి ఏ లోటూ రానివ్వలేదు.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. అభయారణ్యం లోపల బస అని మీరిచ్చిన కార్యక్రమ పత్రంలో ఉంది. నైరోబీలో దిగాక ఆ బస మారిందని, సెకెనాని గేటు బయట ఉన్న ఒక క్యాంపులో ఉంటామని తెలిసింది. దానికీ సర్దుకున్నాం. కానీ మారాను నిర్వహించే నరోక్ కౌంటీ (అక్కడి జిల్లా) ప్రభుత్వ నిబంధనల ప్రకారం మారా ప్రవేశ టికెట్టు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు, అంటే 12 గంటలు మాత్రమే చెల్లుతుంది. జూలై నుంచి డిసెంబరు వరకు విదేశీ పెద్దలకు అది రోజుకు 200 డాలర్లు. గేటు బయట బస చేసినవారు లోపలికి వెళ్లే ప్రతి రోజూ కొత్త టికెట్టు తీసుకోవాలి. మీ సంస్థ మా ముగ్గురికీ ఒక్క రోజుకే కట్టింది. మొదటి రోజు మధ్యాహ్నం చేరి, కాసేపు తిరిగి వచ్చేసరికే దాని గడువు ముగిసింది. వలస మందలు దాటే మారా నది దాకా వెళ్లవలసిన రెండవ రోజు తెల్లవారుజామున రేంజరు మమ్మల్ని గేటు దగ్గర ఆపారు. ఆయన తప్పేమీ లేదు, తన విధి తాను చేశారు. మా డ్రైవర్ గైడ్ మీ హైదరాబాదు అత్యవసర నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. సింహాలూ చిరుతలూ చురుకుగా తిరిగే ఆ చల్లటి వేళంతా గేటు బయట వాహనంలో కూర్చుని, చివరికి 600 డాలర్లు నా కార్డు మీద నేనే కట్టి లోపలికి వెళ్లాను.

ఇంతవరకైతే నేను ఈ లేఖ రాసేవాణ్ణి కాను. పరదేశ ప్రయాణంలో పొరపాట్లు జరుగుతాయి. తిరిగి వచ్చాక రసీదు చూపిస్తే మీవారు క్షమాపణ చెప్పి సరిచేస్తారని మా ఆవిడకు ధైర్యం చెప్పింది కూడా నేనే. ఆ తరువాత మీ సంస్థ మాతో ప్రవర్తించిన తీరే నన్ను ఈ లేఖకు పురిగొల్పింది.

నేను మొదట ఫోన్ చేసినప్పుడు మాట్లాడిన అబ్బాయి మర్యాదగా విని, ఫిర్యాదు సంఖ్య ఇచ్చి, 48 గంటల్లో పై అధికారి మాట్లాడతారన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. మళ్లీ చేస్తే ఇంకొకరు ఎత్తి, కథ మొదటి నుంచి చెప్పమన్నారు. చెప్పాను. ఆ తరువాత చేసిన ప్రతిసారీ కొత్త గొంతే, మొదటి నుంచి చెప్పడమే. ఒకామె రసీదు వాట్సాప్‌లో పంపమన్నారు, పంపాను. ఇంకొకరు వాట్సాప్ చెల్లదు, ఈమెయిలే పంపాలన్నారు, పంపాను. మరొకరు స్కాన్ స్పష్టంగా లేదన్నారు, స్టూడియోకు వెళ్లి స్కాన్ చేయించి మళ్లీ పంపాను. ఆ సందేశం చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి గానీ జవాబు మాత్రం రాలేదు.

అన్నిటికంటే నన్ను నొప్పించిన మాట మీ సీనియర్ ప్రతినిధిది. ‘జంతువులు కనిపించకపోవడం మా చేతుల్లో ఉండదు అంకుల్, అది ప్రకృతి’ అని ఆయన నాకు నచ్చజెప్పారు. నేను జంతువులు కనిపించలేదని ఏనాడూ అనలేదు. మందలు నది ఒడ్డుకు వచ్చి గంటల తరబడి నిలబడి, మొసళ్ల అలికిడికో మరి దేనికో బెదిరి దాటకుండానే వెనక్కి మళ్లుతాయని నాకు తెలుసు. ఏ సంస్థా నది దాటింపును అమ్మలేదని, దానికి హామీ అడగడం అవివేకమని నేనే పాఠం చెప్పాను. నేను అడిగింది సింహాన్ని కాదు, వలసను కాదు. నేను డబ్బు ముందుగానే కట్టిన టికెట్టును మీరు ఎందుకు కొనలేదని అడిగాను. ఆ ప్రశ్నను ఆయన వినలేదు. వినకుండానే జవాబు చెప్పి, నా ఫిర్యాదుకు ఎదురుగా ‘వన్యప్రాణులు కనిపించలేదని అసంతృప్తి’ అని రాసుకున్నారు. ఆ మాట తరువాత మాట్లాడిన అమ్మాయి నాకు చదివి వినిపిస్తేనే తెలిసింది. నేను చెప్పని మాటను నా పేరున నమోదు చేయడానికి మీకు ఏ హక్కు ఉంది?

మీ హైదరాబాదు శాఖకు స్వయంగా వచ్చాను. మేనేజరు గారు సమావేశంలో ఉన్నారని కూర్చోబెట్టారు. భోజనాల వేళ దాటాక ఆయన వచ్చి, అది నైరోబీలోని స్థానిక భాగస్వామి బాధ్యత అన్నారు. ఆ భాగస్వామికి రాస్తే, తమ ఒప్పందం మీ సంస్థతోనే గానీ యాత్రికులతో కాదని, తమకు మీ నుంచి వచ్చిన ఆదేశంలో ఒక్క రోజు ప్రవేశమే ఉందని వెంటనే జవాబు ఇచ్చారు. మీకంటే వారే నయం, కనీసం రాతపూర్వకంగా చెప్పారు. ఆ ఉత్తరం నకలును మీ మేనేజరు గారికి పంపితే, టికెట్టు 24 గంటలు చెల్లుతుందని, గేటులో పొరపాటు జరిగి ఉంటుందని అన్నారు. ఏటా ఎందరినో మారాకు పంపే సంస్థకు అక్కడి టికెట్టు నిబంధన తెలియకపోవడం ఎలా సాధ్యం?

ఆ తరువాత ఒక ఉదయం నా ఫోనుకు ఎస్సెమ్మెస్ వచ్చింది: నా ఫిర్యాదు పరిష్కారమైందని, సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని. అదే రోజు మీ సంస్థ నుంచే టాంజానియా యాత్రకు ముందస్తు రాయితీ ప్రకటన కూడా వచ్చింది. అడిగితే, తదుపరి యాత్రలో వాడుకునేలా ఒక వౌచర్ ఇస్తామన్నారు. నాకు వౌచర్ వద్దు. మాట నిలబెట్టుకోని సంస్థతో మరో యాత్రకు వెళ్లాలన్న షరతును నేను ఒప్పుకోను.

ఒక్క విషయం ప్రత్యేకంగా కోరుతున్నాను. ఈ తప్పును మా డ్రైవర్ గైడ్ మీదకు నెట్టకండి. ఏనుగుల మందకు అడ్డం వెళ్లకుండా ఇంజను ఆపి ఓపికగా ఆగినవారు ఆయన. ఇతర వాహనాలు దారి వదిలి గడ్డిలోకి దూసుకెళ్తుంటే, అక్కడ అది నిషేధమని మాకు వివరించి బాట మీదే ఉన్నవారు ఆయన. గేటు దగ్గర మా కంటే ఎక్కువ సిగ్గుపడింది ఆయనే. ఈ యాత్రలో మాకు అందిన మంచి అంతా ఆయన చలవే. మీవల్ల ఆయన ఉపాధికి ఏ నష్టం వచ్చినా నేను ఊరుకోను.

నేను కట్టిన 600 డాలర్లూ, లోపలి బసకూ బయటి క్యాంపుకూ మధ్య ఉన్న ధర తేడా మీరు చెల్లించవలసిందే. అంతకుముందుగా, రెండవ రోజు టికెట్టు ఎందుకు తీసుకోలేదో, అత్యవసర నంబరు ఎందుకు పలకలేదో, నేను అనని మాటను ఎవరు నమోదు చేశారో మీ సంతకంతో రాతపూర్వకంగా తెలియజేయాలి. రసీదు, కార్యక్రమ పత్రం, నైరోబీ భాగస్వామి ఉత్తరం నకళ్లను జతపరుస్తున్నాను; స్పష్టంగా లేవని ఈసారి ఎవరూ అనడానికి వీల్లేకుండా రంగుల్లో తీయించాను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు కాబట్టి, ఈసారి మీ ప్రతినిధులే హనుమకొండకు రావలసి ఉంటుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ నమోదు చేస్తాను. మా విశ్రాంత అధ్యాపకుల బృందం వచ్చే ఏడాది మీ ద్వారానే మారాకు వెళ్లాలనుకుంటోంది. వారి అడ్వాన్సు నా మాట మీద ఆగి ఉంది. మీ జవాబునో, జవాబు రాలేదన్న విషయాన్నో వారి ముందు ఉన్నదున్నట్టు పెడతాను.

ఇట్లు,
మీ సంస్థను ఏళ్ల తరబడి నమ్మిన యాత్రికుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ.