ఇంజన్ మార్చే ముందు ప్రొపెల్లర్ సంగతి చూడు

కమింగ్, జార్జియా

ప్రియమైన సుధాకర్‌కు,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. లూయిస్‌విల్ సరస్సు మీద మొదటిసారి కుటుంబమంతా కలిసి పడవలో తిరిగారని చదివి ఎంతో సంతోషించాను. అయితే ఏడుగురు ఎక్కగానే పడవ ముక్కు ఆకాశం వైపు లేచి చాలాసేపు అలాగే నీళ్లను తోసుకుంటూ పోయిందని, అందుకే 115 హార్స్‌పవర్ ఇంజన్ తీసేసి 150 పెట్టించాలని అనుకుంటున్నావని రాసిన మాట దగ్గర ఆగిపోయాను. తొందరపడవద్దు. సరిగ్గా ఇదే ఇబ్బంది నాకు రెండేళ్ల క్రితం లేనియర్ సరస్సు మీద ఎదురైంది. అప్పుడు నేను మార్చింది ఇంజన్ కాదు, దాని వెనుక తిరిగే మూడు రెక్కల ప్రొపెల్లర్‌ను మాత్రమే.

ముందుగా, చుక్కాని దగ్గర అతికించి ఉండే చిన్న పలకను ఒకసారి చదువు. 20 అడుగుల లోపు మోటారు పడవలకు అమెరికాలో ఆ పలక ఉండాలి. ఎంతమంది ఎక్కవచ్చు, ఎంత బరువు వేయవచ్చు, గరిష్ఠంగా ఎన్ని హార్స్‌పవర్ల ఇంజన్ బిగించవచ్చు అన్నవి దాని మీద ఉంటాయి. నీ 18 అడుగుల పడవ పలక మీద 115 అనే ఉంటే, 150 గురించి ఆలోచించడమే అనవసరం, ఎందుకంటే ఆ అదనపు బరువూ తోపూ మొత్తం పడవ వెనుక గోడ మీదే పడతాయి. పిల్లలను ఎక్కించుకునే పడవ విషయంలో ఆ గీత దాటమని నేను ఎన్నటికీ చెప్పను.

ఇక అసలు విషయం. ప్రొపెల్లర్ మీద రెండు అంకెలు ఉంటాయి: మొదటిది వ్యాసం, రెండవది పిచ్. మెత్తని చెక్కలోకి మర దిగినట్టు, జారుడు అన్నదే లేకుండా నీటిలోకి దూసుకుపోతే ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు వెళ్తుందో అది పిచ్. నా పడవకు పాత యజమాని 19 పిచ్ బిగించి ఉంచాడు. కొనేముందు ఇద్దరమే ఎక్కి తిప్పి చూసినప్పుడు పూర్తి థ్రాటిల్ దగ్గర ఇంజన్ 5200 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) చూపించింది, జీపీఎస్ 38 మైళ్ల వేగం చూపించింది. నా ఇంజన్ తయారీదారు చెప్పిన పరిధి 5000 నుంచి 6000 కాబట్టి అంతా సరిగ్గానే ఉందని నమ్మాను. తరువాత ఏడుగురం ఎక్కి, నిండు ఇంధనంతో, మంచుపెట్టెతో బయలుదేరితే థ్రాటిల్ చివరిదాకా నెట్టినా 4700 దాటలేదు, వేగం 31 దగ్గరే ఆగింది. ఇంజన్ ఎగువ గేరులో ఘాట్ రోడ్డు ఎక్కుతున్న బస్సులా మూలిగింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు, నేనూ పొరబడ్డాను. ఇంజన్ మీద రాసిన 115 హార్స్‌పవర్ అన్ని వేళలా అందుబాటులో ఉండే శక్తి కాదు, ఇంజన్ తన పై పరిధి దగ్గర తిరిగినప్పుడు మాత్రమే అది పుడుతుంది. ప్రొపెల్లర్ తిరగడానికి కోరే శక్తి మరోలా పెరుగుతుంది: లెక్క ప్రకారం చుట్ల వేగం ఘనంలో, నీటి మీద లేచి పరిగెత్తే తేలిక పడవల్లో దానికి కొంచెం తక్కువగా. ఇంజన్ ఇచ్చే శక్తీ ప్రొపెల్లర్ కోరే శక్తీ సమానమయ్యే చోటే ఇంజన్ వేగం నిలకడగా ఆగుతుంది. పిచ్ ఎక్కువైతే ఆ చోటు ఇంజన్ పూర్తి బలం చేరకముందే వచ్చేస్తుంది, డబ్బు పెట్టి కొన్న శక్తిలో కొంత ఎప్పటికీ బయటికి రాదు. పైగా తక్కువ చుట్ల దగ్గర భారీ బరువు లాగుతుంటే సిలిండర్ల లోపలి ఒత్తిడీ వేడీ పెరుగుతాయి, మసి పేరుకుంటుంది, ఇంజన్ ఆయుష్షు తరుగుతుంది. పిచ్ మరీ తక్కువైతే దానికి వ్యతిరేకం: ఇంజన్ 6000 దాటి అనవసరంగా అరుస్తుంది, పడవ మాత్రం తగినంత ముందుకు పోదు.

జారుడును లెక్కగట్టే పద్ధతి కూడా చెబుతాను, కాగితం తీసుకో. ఆర్‌పీఎంను పిచ్‌తో గుణించి, గేరు నిష్పత్తితోనూ 1056తోనూ భాగిస్తే, జారుడు లేని ఊహా వేగం గంటకు మైళ్లలో వస్తుంది. మైలుకు 63,360 అంగుళాలు, గంటకు 60 నిమిషాలు కాబట్టి ఆ 1056 వచ్చింది. నా గేరు నిష్పత్తి 2.15, అంటే ఇంజన్ 2.15 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుంది. ఆ రోజు లెక్క ప్రకారం 39 మైళ్లు రావలసిన చోట 31 మాత్రమే వచ్చింది, అంటే జారుడు 21 శాతం. ఇలాంటి పడవలకు 10 నుంచి 15 శాతం వరకు మామూలు.

ఒక అంగుళం పిచ్ తగ్గితే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందన్నది పడవలవాళ్లు నమ్మే లెక్క. 4700 నుంచి పరిధి మధ్యలోని 5500కు చేరడానికి నాకు 800 కావాలి కాబట్టి 15 పిచ్ బిగించాను. నిండు బరువుతో ఇప్పుడు 5500 వస్తుంది, వేగం 32, జారుడు 12 శాతం. వేగం పెరిగింది ఒక్క మైలే. కానీ నీటి మీదికి లేవడానికి పట్టే సమయం 11 సెకన్ల నుంచి 6కు తగ్గింది, నాకు కావలసిందీ అదే. ఇద్దరమే వెళ్లినప్పుడు 5900 వస్తుంది, పరిధిలోపలే ఉంది, కాకపోతే గరిష్ఠ వేగం 38 నుంచి 35కు పడిపోయింది. ఆ మూడు మైళ్ల గురించి నాకు బాధ లేదు.

తప్పు ఇంజన్‌ది కాక ప్రొపెల్లర్‌దే కావడం కొత్త సంగతేమీ కాదు. చార్లెస్ పార్సన్స్ 1894లో టర్బీనియా అనే ఆవిరి నౌకను దించినప్పుడు ఒకే ప్రొపెల్లర్‌తో అది 20 నాట్లను (నౌకల వేగపు కొలత) కూడా అందుకోలేకపోయింది. యంత్రం బలం తక్కువ కాదు, వేగంగా తిరిగే రెక్కల వెనుక నీరు ఆవిరి బుడగలుగా విడిపోవడమే కారణం. చివరికి మూడు ఇరుసులు, ఒక్కొక్క దానికి మూడేసి ప్రొపెల్లర్లు పెట్టాకే 1897లో ఇంగ్లండ్‌లోని స్పిట్‌హెడ్ నౌకాదళ ప్రదర్శనలో 34 నాట్లు దాటి పరిగెత్తింది. మన చిన్న పడవల్లో సాధారణంగా జరిగేది అది కాదు, పైనుంచి గాలి రెక్కల్లోకి దిగడం. మలుపు తిప్పుతున్నప్పుడు ఇంజన్ హఠాత్తుగా అరిచి పడవ నెమ్మదిస్తే, ఇంజన్ మరీ ఎత్తుగా బిగించారేమో చూడు. ప్రొపెల్లర్‌కు పైన ఉండే అడ్డపలక పడవ అడుగుతో సమానంగానో, ఒక అంగుళం పైకో ఉండాలి.

కొత్త ప్రొపెల్లర్ కొనే ముందు, ఎవరైనా చుక్కాని దగ్గరి మీటను పూర్తిగా నెట్టినప్పుడు ఇంజన్ మీద థ్రాటిల్ నిజంగా చివరిదాకా తెరుచుకుంటోందో చూడు, ఇది మాత్రం ఇంజన్ ఆపి ఉన్నప్పుడే. ఆర్‌పీఎం చూపే టాకోమీటర్ వెనుక ఉండే చిన్న మీట తప్పు స్థానంలో ఉంటే అంకెలన్నీ అబద్ధమే. అడుగున నాచు పట్టినా ఆర్‌పీఎం పడిపోతుంది. రెక్కలకూ ఇరుసుకూ నడుమ ఉన్న రబ్బరు పట్టు జారిపోతుంటే ఇంజన్ అరుస్తుంది కానీ పడవ కదలదు. ఇవన్నీ బాగున్నాయని తేలాక, నువ్వు మామూలుగా తీసుకెళ్లే బరువంతా వేసి, ఒకే దారిలో రెండు వైపులా నడిపి, రెండు వేగాల సగటు తీసుకో, గాలి ప్రభావం పోతుంది. ట్రిమ్‌ను, అంటే ఇంజన్ వాలును, పైకెత్తుతూ పోయి, రెక్కలు పట్టు వదలబోయే చోట కొంచెం దించి అంకెలు రాసుకో.

స్టీలు గట్టిది, తేలిగ్గా వంగదు, పని కూడా బాగా చేస్తుంది. అయినా నేను అల్యూమినియమే ఎంచుకున్నాను. లేనియర్‌లో నీటి మట్టం దిగినప్పుడు రాళ్లూ మొద్దులూ పైకి వస్తాయి, అప్పుడు గేరుపెట్టె విరిగేకంటే ముందు రెక్క వంగడమే మేలు. మీ సరస్సులో ఎలా ఉంటుందో నువ్వే చూసుకోవాలి. ప్రొపెల్లర్ మార్చేటప్పుడు ఇంజన్ తాళంచెవి తీసేసి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, పాత చేపల దారం ఇరుసు చుట్టూ చిక్కుకుందేమో వెతుకు, అది లోపలి సీలును కోసి నీటిని గేరుపెట్టెలోకి దింపుతుంది.

నీ ప్రొపెల్లర్ మీద చెక్కిన రెండు అంకెలు, గేరు నిష్పత్తి, నిండు బరువుతో ఆర్‌పీఎం, జీపీఎస్ వేగం వచ్చే వారాంతం రాసుకుని పంపు. నా దగ్గర పాత 19తో పాటు ఒక 17 పిచ్ కూడా ఖాళీగా పడి ఉంది, ఇరుసు పళ్లు నీ దానికి సరిపోతే పెట్టెలో పెట్టి పంపిస్తాను.

నీ
మాధవ్