గరిడీ ఎప్పుడో, ఎక్కడో ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

నేను విశాఖపట్నం కంచరపాలెం వాణ్ని. ముప్ఫై ఏళ్లకు పైగా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. అంతకు ముందు నుంచీ గరిడీ మనిషిని, అంటే కర్రసాము, కత్తిసాము ఆడేవాణ్ని. పదేళ్ల వయసులో మా నాన్న నా చేతికి వెదురు కర్ర ఇచ్చాడు. దానికి ఆముదం పట్టించి ఎండలో పెట్టడం నేర్చుకున్నాకే తిప్పడం నేర్పాడు. ఇప్పుడు మా పేటలో పద్నాలుగు మంది పిల్లలు రోజూ సాయంత్రం నా దగ్గర కర్రసాము, కత్తిసాము నేర్చుకుంటున్నారు. అందులో ఆరుగురు ఆడపిల్లలు. ఈ ఉత్తరం వాళ్ల కోసమే రాస్తున్నాను.

మా అమ్మాయి ఇంగ్లండులో షెఫీల్డ్‌లో నర్సు. పురిటికి సాయంగా మా ఆవిడా నేనూ వెళ్లి ఒక చలికాలమంతా అక్కడే ఉన్నాం. క్రిస్మస్ మర్నాడు, డిసెంబరు 26న, అల్లుడు వచ్చి "మావయ్య గారూ, స్వెట్టరు వేసుకోండి, మీకు నచ్చేది ఒకటి చూపిస్తాను" అన్నాడు. ఆ రోజును వాళ్లు బాక్సింగ్ డే అంటారు. ఊరికి ఉత్తరాన గ్రెనోసైడ్ అని ఒక పల్లె ఉంది. అక్కడ ఓల్డ్ హారో అనే పబ్బు ముందు అప్పటికే జనం నిండిపోయారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, చేతికర్రలు పట్టుకుని వచ్చిన ముసలివాళ్లు, ఆ చలిలో ఎవరూ కదలడం లేదు.

అక్కడ ఆడేది కత్తుల ఆట. ఆరుగురు ఆటగాళ్లు, వాళ్లకొక కెప్టెన్. పూలపూల చొక్కాలు, చెక్క అడుగు ఉన్న బూట్లు. కెప్టెన్ తల మీద కుందేలు చర్మం టోపీ. పక్కన ఒకాయన ఫిడేలు అందుకున్నాడు. కెప్టెన్ జనాన్ని దగ్గరికి రమ్మంటూ పాట ఎత్తుకున్నాడు.

కత్తి పట్టడం చూడగానే నాకు ఆశ్చర్యం వేసింది. మన కత్తిసాములో ఎవరి కత్తి వాళ్లదే. అక్కడ ప్రతివాడూ కుడిచేత్తో తన కత్తి పిడిని, ఎడమచేత్తో పక్కవాడి కత్తి మొనను పట్టుకుంటాడు. పదును ఉండదు కాబట్టి చెయ్యి తెగదు. అలా ఆరుగురూ ఒక గొలుసైపోతారు. గొలుసు తెగకుండానే ఒకరి కత్తి కింద నుంచి ఒకరు దూరతారు, కత్తుల మీంచి దాటతారు, గుండ్రంగా తిరుగుతారు. రోడ్డు మీద చెక్క బూట్లు ఒకే దరువు వేస్తుంటాయి. చూస్తుండగానే ఆరు కత్తులూ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని చాపలా అల్లుకుపోయాయి. ఆ అల్లిక కెప్టెన్ మెడ చుట్టూ పడింది. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. ఒకేసారి ఆరుగురూ కత్తులు లాగేశారు. ఝర్రుమన్న ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. టోపీ పోయింది, అంటే కెప్టెన్ తల తెగినట్టు లెక్క. పక్కనున్న చిన్నపిల్ల కళ్లు మూసుకుని, వేళ్ల సందులోంచి చూస్తోంది. మా పేటలో కళ్లకు గంతలు కట్టుకుని మనిషి పొట్ట మీద సొరకాయ నరికేటప్పుడు మన పిల్లలు చూసేదీ సరిగ్గా ఇలాగే.

తర్వాత అల్లుడు, నేనూ ఈ కత్తుల ఆటల గురించి వెతికి చదువుకున్నాం. షెఫీల్డ్‌లోనే హ్యాండ్స్‌వర్త్‌లో ఎనిమిది మంది ఆడే జట్టు ఉంది. వాళ్లదీ బాక్సింగ్ డేనే. ఇంకా ఉత్తరాన డరమ్, నార్తంబర్లాండ్ బొగ్గు గనుల పల్లెల్లో పొట్టి కత్తులతో ఆడతారు. వాటికి రెండు కొసలా పిడి ఉంటుంది, విల్లులా వంగుతాయి. ఐదుగురు ఇరుకు గదిలో కూడా తిరగగలరు. గని కార్మికుల ఆట అది. ఫ్లాంబరో అనే సముద్రపు ఊళ్లో ఈ ఆట ఆడింది చేపలు పట్టేవాళ్లు, చెక్క కత్తులతో. అది చదివినప్పుడు మన ఫిషింగ్ హార్బరు, జాలరిపేట కుర్రాళ్లు కళ్ల ముందు మెదిలారు. గోత్‌లాండ్ అనే ఊరి జట్టునైతే 'ప్లవ్ స్టాట్స్' అంటారు. స్టాట్ అంటే వాళ్ల యాసలో కోడె. ఎడ్లకు బదులు కుర్రాళ్లే నాగలి లాగుతూ ఊరేగేవారట. జనవరి 6 తర్వాత వచ్చే మొదటి సోమవారం వాళ్లకు నాగలి పండగ. మన భోగికి దగ్గర్లోనే అన్నమాట.

ఈ ఆటలు దాదాపు పోయే స్థితి కూడా చూశాయి. సెసిల్ షార్ప్ అనే ఆయన ఆ పల్లెలు తిరిగి, ఆటగాళ్ల దగ్గర కూర్చుని, అడుగులూ వరసలూ రాసుకుని 1911 నుంచి 1913 దాకా మూడు భాగాలుగా అచ్చు వేయించాడు. మన గరిడీ వరసలు ఇంతవరకు నా లాంటి వాళ్ల ఒంట్లోనే ఉన్నాయి. నాకిది నిజంగా బెంగ.

అయితే నేను రాయదలచుకున్నది ఇంకో సంగతి. ఆ శీతాకాలంలో ఇంకో జట్టు ఆట చూడటానికి వెళ్తే, ఒకామె జనంలో తిరుగుతూ అందరికీ ఒక కాగితం ఇచ్చింది. ఆ ఏడాది వాళ్లు ఎక్కడెక్కడ ఆడతారో, ఏ తేదీన, ఎన్ని గంటలకో దాని మీద ఉంది. పబ్బు ముందు, సంతలో, బడిలో, వేసవిలో ఊరి ఉత్సవంలో. అంతా చుట్టుపక్కల ఊళ్లే. ఆ కాగితాన్ని జనం మడిచి జేబులో పెట్టుకున్నారు. చలిలో అంతమంది ఎందుకు వచ్చారో నాకు అప్పుడు అర్థమైంది. వాళ్లకు ముందే తెలుసు.

మన దగ్గర ఏం జరుగుతోంది? కిందటేడు ఒక పేటలో అమ్మవారి పండక్కి మా పిల్లల్ని పిలిచారు. సాయంత్రం ఏడింటికి అన్నారు. డీజే అయ్యేసరికి రాత్రి పదకొండున్నర. పదమూడేళ్ల కుర్రాడు మూడు నెలలు కష్టపడి నిప్పు కర్ర నేర్చుకున్నాడు. వాడు తిప్పేసరికి అక్కడ మిగిలింది టెంటు హౌసు వాళ్లు, పాతిక మంది జనం. వాళ్లమ్మ అప్పటికే ఎదురుచూసి నైటు డ్యూటీకి వెళ్లిపోయింది. "మాస్టారూ, అమ్మ చూడలేదు కదా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

మనకు ఆడే సందర్భాలు లేకనా? మార్గశిరం అంతా బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి ఉత్సవాలు. కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ జాతర. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను. ఇవి కాక పేటపేటకీ గ్రామదేవత పండగ. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో కసరత్తు చేసిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి గడ్డ ఇది. శ్రీకాకుళంలో ఆయన పేరున స్టేడియమే ఉంది. తిథులు పంచాంగంలో ముందే ఉంటాయి. ఏ రోజు, ఏ వీధిలో, ఎన్నింటికి గరిడీ అన్నది మాత్రం ఎక్కడా ఉండదు.

అందుకే సంపాదకుల వారికి నా మనవి. నేను గ్రాంటు అడగడం లేదు, సన్మానం అడగడం లేదు. మీ జిల్లా పేజీలో రోజూ నగరంలో జరిగే కార్యక్రమాలు వేస్తారు. సభలూ, ప్రవచనాలూ, కచేరీల పక్కన గరిడీకి, తప్పెటగుళ్లకి ఒక్కో లైను ఇవ్వండి. ఊరు, వీధి, సమయం చాలు. పండగ కమిటీల పెద్దలకు కూడా నాదొక విన్నపం. పిల్లల ఆటకు ఒక టైము చెప్పి, ఆ టైముకు అరగంట డీజే ఆపండి. చుట్టుపక్కల గరిడీ గురువులు నలుగురైదుగురు నాకు తెలుసు. అందరి దగ్గరా తేదీలు తీసుకుని, ఏడాది మొత్తం పట్టిక నేనే శుభ్రంగా రాసి మీ ఆఫీసుకు తెచ్చి ఇస్తాను.

మొదటి తేదీ ఇప్పుడే ఇస్తున్నాను. వచ్చే కనుమ రోజు సాయంత్రం నాలుగున్నరకు కంచరపాలెంలో మా పేట రామాలయం ముందు పద్నాలుగు మంది పిల్లలు ఆడతారు. నిప్పు కర్ర చివర్లో ఉండదు, మొదటే ఉంటుంది. ఆ పిల్లాడి తల్లికి ఆ రోజు నైటు డ్యూటీ ఉన్నా చూసి వెళ్లొచ్చు. దయచేసి భోగి నాటి సంచికలోనే ఆ లైను వేయండి.

— ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
కంచరపాలెం, విశాఖపట్నం