జిల్లా అటవీ అధికారి గారికి: నల్ల చిరుత సంగతి సరే, కరెంటు తీగల మాటేమిటి?

అయ్యా,

ఉదయగిరి, సీతారామపురం వైపు చిరుత మాట రాగానే ఎవరో ఒకరు ఫోన్‌లో నల్లపులి ఫోటో చూపిస్తారు. చాలావరకు అవి కర్ణాటకలోని కబిని అడవుల బొమ్మలే. నల్ల చిరుత వేరే జాతి కాదు, మన వెలిగొండల్లో తిరిగే చిరుతపులే. తల్లి నుంచీ తండ్రి నుంచీ నలుపు రంగు జన్యువు అందితేనే పిల్ల నల్లగా పుడుతుంది. మంచి ఎండలో చూస్తే ఒంటిమీద మచ్చలు కనిపిస్తాయి కూడా.

అందుకే దానికి విడిగా రక్షణ హోదా అంటూ లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ చిరుతను ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది. మన 1972 వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలు జంతువు, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోది, చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి?

కానీ అడవిపందుల కోసం చేల చుట్టూ లాగిన కరెంటు తీగకు షెడ్యూళ్లు తెలియవు. పందికి పెట్టిన ఉచ్చులో చిరుత నడుము చిక్కుకుంటే, విడిపించుకోబోయేకొద్దీ బిగుస్తుంది. రైతునూ పూర్తిగా తప్పుపట్టలేం, రాత్రికి రాత్రే పంట పోతుంది మరి. చిరుత నోట మేక పోయినవాడికి పరిహారం ఆలస్యమైతే ఆ కళేబరంలో విషం కలపాలన్న ఆలోచన వస్తుంది.

విద్యుత్ సిబ్బందితో కలిసి కొండ అంచు పొలాల్లో రాత్రి తనిఖీలు పెట్టండి. ఉచ్చులు ఏరించండి. పంట, పశువుల పరిహారం దరఖాస్తులు ఎక్కడ ఆగాయో గ్రామ సచివాలయాల్లో అంటించండి.

ఇట్లు,
ఉదయగిరి ప్రాంత రైతుబిడ్డ