నల్లమల కాలిబాటలో ‘దగ్గరే’ అన్న మాట చాలదు

సంపాదకుడికి,

నల్లమల అడవిదారిలో శ్రీశైలానికి కాలినడకన వెళ్తూ, భీముని కొలను దాటి కైలాసద్వారం మెట్లు ఎక్కుతుండగా ఒక తల్లి నన్ను ఆపి, “ఇన్నూ ఎష్టు దూర?” (ఇంకా ఎంత దూరం?) అని కన్నడంలో అడిగింది. ఉగాదికి ఇంకా రెండు రోజులుంది. మధ్యాహ్నం రెండు దాటింది. ఆమె చంకలో మూడేళ్ల పిల్లవాడు, చేతిలో అరలీటరు సీసా, ఆ సీసా అడుగున రెండు గుక్కల నీళ్లు. మాది ఆదోని కాబట్టి కన్నడం వచ్చు. “హత్తిరనే అమ్మా, దగ్గరే” అన్నాను. ఆ దారిలో అందరూ అనే మాటే అది. ధైర్యం చెబుదామనే అన్నాను. ఆ మెట్లు అయిపోయినా శ్రీశైలం రాదనీ, హటకేశ్వరం మీదుగా ఇంకా నడవాలనీ ఆమెకు తెలియదు. నాకు తెలుసు, చెప్పలేదు.

కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే ఆమె మెట్టు మీద ఒరిగిపోయి ఉంది. పిల్లవాడు ఆమె కొంగు పట్టుకుని ఏడుస్తున్నాడు. పైనుంచి దిగివస్తున్న ఒక చెంచు యువకుడు తన డబ్బాలోని నీళ్లతో ఆమె ముఖం తడిపి, కొద్దికొద్దిగా తాగించాడు. ముందు వెళ్లిపోయిన భర్తను నేను వెతికి పిలుచుకు వచ్చేసరికి ఆమె లేచి కూర్చుంది. చీకటి పడేలోగా ముగ్గురూ క్షేమంగా చేరారు. అది జరిగి రెండేళ్లయింది. నీళ్లు అయిపోవచ్చిన ఆ సీసా ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెడితే నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, ఆ తరువాత శ్రీశైలం. ఇది కొత్తగా పుట్టిన దారి కాదు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. నాగలూటిలో వీరభద్రుడి గుడి ముందు ఆగి మొక్కకుండా ఎవరూ ముందుకు సాగరు. ఇంత నడిచిన దారి, ఇంత మొక్కిన దారి. కానీ నాగలూటి నుంచి పెచ్చెరువుకు ఎంత దూరమని పదిమందిని అడిగితే పది లెక్కలు చెబుతారు. ఒకరు కిలోమీటర్లలో, ఒకరు గంటల్లో, మరొకరు “ఇంకో రెండు కొండలు” అని. అడవిలో రెండు రోజులు నడవబోయే మనిషి ఏ లెక్క నమ్మి నీళ్లు మోసుకోవాలి?

శివరాత్రికి సరిపోయే ఏర్పాటు ఉగాదికి సరిపోదన్న సంగతి కూడా గుర్తించాలి. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న, ఉగాది మార్చి 30న వచ్చాయి. తేడా నెల రోజులే. నల్లమలలో ఆ నెల రోజులు చాలా పెద్దవి. శివరాత్రికి రాత్రి దుప్పటి కావాలి. ఉగాదికి ఆకు రాలి చెట్టు కింద నీడ కరువవుతుంది, బండలు పొద్దుగూకినా సెగలు కక్కుతుంటాయి. నెల క్రితం చెమ్మగా ఉన్న వాగు గులకరాళ్లుగా మిగులుతుంది. ఆ ఎండలోనే కర్ణాటక నుంచి వేలమంది భక్తులు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి, చీర, పసుపు, కుంకుమ పట్టుకుని వస్తారు. కొందరు కర్రకాళ్ల మీద నడుస్తారు. చాలామంది ఆత్మకూరు చేరేసరికే రోజుల తరబడి నడిచి ఉంటారు. అరికాళ్ల బొబ్బలకు గుడ్డలు చుట్టుకుని అడవిలోకి దిగేవారిని ఏటా చూస్తున్నాను.

దారి పొడవునా చలివేంద్రాలు పెట్టి, అన్నం వండి వడ్డించే దాతలకూ, కైలాసద్వారం దగ్గర నీళ్లూ మందులూ సిద్ధంగా ఉంచే దేవస్థానం సిబ్బందికీ చేతులెత్తి నమస్కరిస్తాను. నేను అడుగుతున్నది అంతకు ముందు జరగవలసిన పని. ఆత్మకూరు బస్టాండులో ఒకటి, వెంకటాపురంలో అడవి మొదలయ్యే చోట ఒకటి, తెలుగులోనూ కన్నడంలోనూ పెద్ద బోర్డులు పెట్టండి. మజిలీకీ మజిలీకీ మధ్య కొలిచిన దూరం, ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా దొరకవు, పెచ్చెరువు నుంచి ఉదయం ఎన్ని గంటలలోపు బయలుదేరితే వెలుతురుండగా భీముని కొలను దాటవచ్చు అన్నవి రాయండి. లోయలోకి దిగిన కొండంతా మళ్లీ ఎక్కాలని స్పష్టంగా రాయండి. మోకాళ్ల నొప్పులున్నవారు, చంటిపిల్లల తల్లులు దాన్ని చదివి బస్సెక్కాలనుకుంటే అందులో భక్తికి లోటేమీ లేదు. దారి ఏ రోజు తెరుస్తారో, ఏ రోజు మూస్తారో నెల ముందే ప్రకటిస్తే, ఊళ్లో కూర్చుని నిదానంగా ఆలోచించుకునే వీలుంటుంది.

తిరుమల అలిపిరి మెట్లదారిలో 2023 ఆగస్టులో చిరుతపులి ఒక చిన్నారిని బలిగొంది. ఆ తరువాతే పన్నెండేళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక ఆ దారిలోకి పంపకూడదన్న నిబంధన వచ్చింది, నడిచేవారి చేతికి కర్రలు వచ్చాయి. మన నల్లమల బాట దేశంలోకెల్లా పెద్దదైన పులుల అభయారణ్యంలో ఉంది. ఇక్కడ కూడా ఒక పసిప్రాణం పోయేదాకా ఎదురుచూడాలా?

నాతో పాటు నడిచే భక్తులకూ నాలుగు మాటలు చెప్పాలి. నాలుగుసార్లు నడిచిన అనుభవంతో చెబుతున్నాను. అరలీటరు సీసాతో అడవిలోకి రాకండి. మనిషికి కనీసం మూడు లీటర్లు పట్టే డబ్బా వెంట ఉండాలి, చలివేంద్రం కనిపించినప్పుడల్లా నింపుకోవాలి. అన్నం మూట రెండో పూటకు పులుస్తుంది. ఎండు జొన్నరొట్టెలు, వేయించిన వేరుశనగలు, బెల్లం, అటుకులు పాడుకావు, బరువూ ఉండవు. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు, టార్చిలైటు ఒకటి, బొబ్బలకు కట్టుకునే మెత్తని గుడ్డ ఒకటి చాలు. బయలుదేరే ముందు పదిహేను రోజులైనా తెల్లవారుజామున నడవండి. గుంపులో నడక తగ్గినవారిని ముందు పెట్టుకుని నడవండి. వెనక వదిలేస్తే ఏం జరుగుతుందో పైన రాశాను.

పొయ్యిల విషయం మరీ బాధ కలిగిస్తుంది. పోయినసారి పెచ్చెరువు దాటాక దారి పక్కన మూడు రాళ్ల పొయ్యి ఒకటి కనిపించింది. అన్నం తిని వెళ్లిపోయారు, కట్టె మాత్రం ఇంకా ఎర్రగా ఉంది. జానెడు దూరంలో మోకాలి లోతు ఎండుటాకులు. నా దగ్గరున్న నీళ్లలో సగం దానిమీద పోసి, మట్టి కప్పాను. ఒక్క గాలి వీస్తే ఎన్ని చెట్లు, ఎన్ని ప్రాణులు, వెనక వస్తున్న ఎంతమంది మనుషులు! అడవిలో పొయ్యి వెలిగించవద్దు. తాగిన సీసాను, తిన్న పొట్లాన్ని సంచిలో వేసుకుని శ్రీశైలం దాకా మోయండి.

ఈ అడవిని చెంచుల కంటే ఎరిగినవారు లేరు. అడవి కాపలా పనిలో ఇప్పటికే చాలామంది చెంచులున్నారు. ఈ రెండు పండుగల రోజుల్లో చెంచు గూడేల యువతకు సరైన రోజుకూలీ ఇచ్చి, మజిలీకి ఇద్దరు చొప్పున నిలబెడితే పడిపోయినవారికి నీళ్లు అందుతాయి, ఆరని పొయ్యి ఆరుతుంది. ఆ రోజు ఆ యువకుడు చేసిన పనికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పేరు అడగాలన్న ధ్యాస కూడా నాకు లేకపోయింది.

వెంకటాపురం నుంచి కైలాసద్వారం దాకా దూరం కొలవడానికి ఒక కొలత చక్రం, ఒక రంగు డబ్బా, దారి తెలిసిన ఇద్దరు మనుషులు, రెండు మూడు రోజులు సరిపోతాయి. అటవీ శాఖ, దేవస్థానం కలిసి వచ్చే శివరాత్రికి ముందే ఆ పని పూర్తిచేయాలని కోరుతున్నాను. పిలిస్తే నేనూ వచ్చి వారితో నడుస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆదోని